అడవిలో అంతుచిక్కని వస్తువు కనిపిస్తే: చేయి పెట్టే ముందు చేయాల్సిన పనులు

దారి వదిలి అడవి లోపలికి, కొండల మీదికి వెళ్లేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు అంతుచిక్కని వస్తువు ఎదురవుతుంది. కొమ్మకు వేలాడే తెల్ల డబ్బా కావచ్చు, కరుగుతున్న మంచులోంచి బయటపడ్డ చెక్కిన కర్ర కావచ్చు, ఆకుల్లో సగం కూరుకుపోయిన తుప్పు గొట్టం కావచ్చు. వేటకు వెళ్లినవాళ్లకు ఇలాంటివి ఇంకా ఎక్కువగా కనిపిస్తాయి. జంతువు జాడ పట్టుకుని, మామూలుగా ఎవరూ పోని చోటికి పోయేది వాళ్లే కదా.

కనిపించగానే దాన్ని చేతిలోకి తీసుకోవాలనిపిస్తుంది. ఈ వ్యాసమంతా ఆ ఒక్క పని ఆపడానికే రాస్తున్నాను. ఆ వస్తువు ప్రాణం తీసేది అయి ఉండవచ్చు అన్నది ఒక కారణం. రెండో కారణం చాలామందికి తట్టదు: అది ఏమిటో చెప్పే ఆధారాల్లో సగం వస్తువులో ఉండవు, అది పడి ఉన్న చోట, పడి ఉన్న తీరులో ఉంటాయి. కదిపిన మరుక్షణం ఆ సగం పోతుంది. ఎంత పెద్ద నిపుణుడైనా దాన్ని తిరిగి తేలేడు.

ముందు ఆగండి, వెంట ఉన్నవాళ్లను ఆపండి

కుక్క ఉంటే తాడు కట్టండి. పిల్లలుంటే చేయి పట్టుకోండి. కనీసం పదిపదిహేను అడుగుల దూరంలో నిలబడి, ముందు మీ కాళ్ల చుట్టూ నేల చూసుకోండి. ఇలాంటివి ఒకటి ఉన్నచోట ఇంకొన్ని ఉండటం మామూలే.

ఇంత జాగ్రత్త అవసరమా అనిపిస్తే 1945 మే 5న అమెరికాలోని ఆరెగాన్‌లో, బ్లై అనే ఊరి దగ్గర అడవిలో జరిగింది తెలుసుకోండి. పిక్నిక్‌కు వెళ్లిన ఐదుగురు పిల్లలు, ఒక మహిళ నేల మీద పడి ఉన్న పెద్ద బెలూన్ లాంటి వస్తువు చుట్టూ చేరారు. అది జపాన్ యుద్ధ సమయంలో పసిఫిక్ మీదుగా గాలిలోకి వదిలిన బాంబు బెలూన్. ఆరుగురూ చనిపోయారు. అలాంటివి తొమ్మిది వేలకు పైగా వదిలారు, ఉత్తర అమెరికాలో దొరికినవి మూడు వందల చిల్లర మాత్రమే. 2014లో కూడా కెనడాలోని లంబీ దగ్గర అడవి పనివాళ్లకు ఒకటి కనిపించింది. వాళ్లు ముట్టుకోకుండా కబురు చేశారు, సైన్యం వచ్చి దాన్ని అక్కడే పేల్చేసింది. దాదాపు డెబ్బై ఏళ్లు మట్టిలో ఉన్నా దాన్ని బాంబుగానే చూడాల్సి వచ్చింది.

దూరం నుంచే చూసి, ప్రమాదమో కాదో తేల్చుకోండి

ఇక్కడ తొందర పడకండి. బైనాక్యులర్, కెమెరా జూమ్, ఏది ఉంటే దానితో చూడండి. రైఫిల్ స్కోప్‌తో చూడటం అలవాటుగా ఉన్న వేటగాళ్లు ఆ అలవాటు ఇక్కడ పక్కన పెట్టాలి, అవతల మనుషులు ఉండవచ్చు.

పేలుడు వస్తువులను గుర్తుపట్టడం అనుకున్నంత సులువు కాదు. తుప్పు పట్టాక గుండు, పైపు, మొద్దు అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఒక చివర కోసుగా ఉండటం, వెనక రెక్కల్లాంటి పలకలు, చుట్టూ ఇత్తడి లేదా రాగి రంగు పట్టీ, ఇవి కనిపిస్తే ఫిరంగి గుండో మోర్టార్ గుండో అనుకోవాలి. లావోస్‌లో 1964 నుంచి 1973 వరకు పడ్డ క్లస్టర్ బాంబుల్లోని చిన్న బాంబులు టెన్నిస్ బంతి అంత ఉంటాయి, పిల్లలు ఆడుకునే వస్తువనుకుని తీసుకుంటారు. యుద్ధం జరగని చోట కూడా ఈ బెడద ఉంది. హిమపాతాన్ని ముందే కిందికి దింపడానికి మంచు కొండల్లో పేలుడు మందు వాడతారు, అందులో కొన్ని పేలకుండా మిగిలిపోయి వేసవిలో మంచు కరిగాక తేలతాయి. పాత గనుల దగ్గర డైనమైట్ కర్రలు ఉంటాయి. వాటి మీద చెమట పట్టినట్టు జిగురు చుక్కలో, స్ఫటికాలో కనిపిస్తే వాటి జోలికి అసలు పోకండి, పక్కన అడుగు గట్టిగా కూడా వేయకండి. గని సొరంగం లోపలికి అయితే ఏ కారణంతోనూ వెళ్లొద్దు, లోపల ఊపిరాడని గాలి ఉన్నా ముక్కుకు తెలియదు.

పేలుడు వస్తువని అనుమానం వస్తే చేయాల్సింది ఇంతే: వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రండి. అక్కడ వాకీటాకీ, శాటిలైట్ ఫోన్ వాడకండి, రేడియో తరంగాలు కొన్ని రకాల డిటొనేటర్లను కదిలించగలవు. దూరంగా వచ్చాక చెట్టు కొమ్మకు రంగు గుడ్డ కట్టండి. గుర్తు కోసం నేలలో మేకు మాత్రం కొట్టకండి.

రెండో రకం ప్రమాదం కంటికి కనిపించదు. 2001 డిసెంబర్‌లో జార్జియా దేశంలోని లియా అనే ఊరికి చెందిన ముగ్గురు కట్టెలకు అడవికి వెళ్లారు. చుట్టూ మంచు, ఒకచోట మాత్రం మంచు కరిగి నేల ఆవిరి కక్కుతోంది. మధ్యలో రెండు చిన్న లోహపు స్తంభాలు, ఒక్కోటి 8 నుంచి 10 కిలోల బరువు, ముట్టుకుంటే వేడి. చలి రాత్రి వెచ్చగా ఉంటుందని వాటిని పక్కన పెట్టుకుని పడుకున్నారు. కొన్ని గంటల్లోనే వాంతులు మొదలయ్యాయి. అవి సోవియట్ కాలంలో మారుమూల రేడియో కేంద్రాలకు కరెంటు ఇచ్చిన యంత్రాల్లోని స్ట్రాంషియం-90 అనే రేడియోధార్మిక పదార్థపు మూలాలు. వీపు మీద మోసినవాళ్లకు మానని పుండ్లు పడ్డాయి, ఒకరు రెండేళ్లకు పైగా ఆస్పత్రుల్లో గడిపి 2004లో చనిపోయారు.

కాబట్టి నిప్పు లేకుండా వేడిగా ఉన్న లోహం, చుట్టూ కారణం లేకుండా కరిగిన మంచు, సైజుకు మించిన బరువు, రేడియేషన్‌ను సూచించే మూడు రేకుల గుర్తు, వీటిలో ఏది కనిపించినా వెంటనే దూరం వెళ్లండి. దూరం రెట్టింపైతే మీద పడే రేడియేషన్ నాలుగో వంతుకు తగ్గుతుంది, మీ చేతిలో ఉన్న అసలైన మందు అదే. అప్పటికే ముట్టుకుని ఉంటే బట్టలు మార్చి విడిగా సంచిలో కట్టి, చేతులు కడుక్కుని, డాక్టరుకు ఆ వస్తువు సంగతి ముందే చెప్పండి. చెప్పకపోతే వాంతులు చూసి కలుషితాహారం అనుకుంటారు.

నేలలోంచి కొంచెం పైకి వచ్చిన చిన్న గొట్టాన్ని లాగకండి. అమెరికాలో కాయోట్‌లనే నక్క లాంటి జంతువులను చంపడానికి పాతుతూ వచ్చిన సైనైడ్ పరికరం చూడటానికి తోటకు నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్ తలలా ఉంటుంది. 2017లో ఐడహోలో ఒక అబ్బాయి దాన్ని అలాగే అనుకుని ముట్టుకున్నాడు. అతను బతికాడు, పక్కనున్న కుక్క చనిపోయింది. ఇక అడవి మధ్యలో నల్ల ప్లాస్టిక్ పైపులు, ఎరువుల సంచులు, వంట సామాను కనిపిస్తే అది గంజాయి దొంగ సాగు అయి ఉండే అవకాశం ఎక్కువ. ఫొటో కోసం కూడా ఆగకండి. అక్కడ మనుషులూ ఉంటారు, తీవ్రమైన పురుగుమందులూ ఉంటాయి.

ఆకాశం నుంచి పడ్డవి

ఇవి ఒకప్పుడు అరుదు, ఇప్పుడు పెరుగుతున్నాయి. 1978 జనవరిలో సోవియట్ ఉపగ్రహం కాస్మాస్ 954 కెనడా ఉత్తర ప్రాంతం మీద కూలింది. అందులో అణు రియాక్టర్ ఉంది. ఆ మంచు ఎడారిలో మొదటి శకలాల్లో ఒకదాన్ని చూసింది సైన్యం కాదు, కుక్కల బండి మీద వెళ్తున్న ఇద్దరు యాత్రికులు. 2011లో నమీబియా గడ్డి మైదానంలో 35 సెంటీమీటర్ల బోలు లోహపు బంతి దొరికింది. 2022లో ఆస్ట్రేలియాలో గొర్రెల పొలంలో స్పేస్‌ఎక్స్ వ్యోమనౌక ముక్క, మనిషి కంటే పొడవైనది, నేలలో నిలువుగా దిగబడి ఉంది.

కాలిన అంచులు, అల్లిన నల్లటి నార లాంటి పొరలు, గుండ్రటి ట్యాంకులు కనిపిస్తే గాలి ఎటు నుంచి వస్తోందో ఆ వైపు నిలబడి దూరం నుంచే చూడండి. ట్యాంకులో మిగిలిన ఇంధనం విషం, వాసన చూడటానికి వంగొద్దు. ఇంకో సంగతి, 1967 నాటి అంతరిక్ష ఒప్పందం ప్రకారం అది ఎక్కడ పడ్డా ప్రయోగించిన దేశానిదే. ఇంట్లో పెట్టుకునే హక్కు మీకు రాదు.

ఫొటో, కొలత, లొకేషన్

ప్రమాదం లేదని నమ్మకం కుదిరాకే ఈ మెట్టు. చాలామంది ఒక్క ఫొటో తీసి సరిపెడతారు, అదీ వస్తువుకు ముక్కు ఆనించి. ఆ ఫొటో చూసి వస్తువు అగ్గిపెట్టంతో, ఎద్దంతో ఎవరూ చెప్పలేరు.

మొదటి ఫొటో ఇరవై అడుగుల నుంచి తీయండి. వస్తువుతో పాటు వెనక ఉన్న కొండ అంచో, పెద్ద బండో, వంగిన చెట్టో పడాలి. రేపు వచ్చేవాళ్లు ఆ ఫొటో పట్టుకునే చోటు వెతుకుతారు. రెండోది మధ్య దూరం నుంచి, చుట్టూ నేల కనిపించేలా. ఆకులు, మట్టి, రాళ్లు తుడవకండి. వస్తువు మీద నాచు ఎంత పట్టింది, వేళ్లు దాని మీదుగా పోయాయా కింది నుంచి పోయాయా అన్నదే అది ఎంతకాలంగా అక్కడుందో చెబుతుంది. మూడోది దగ్గర నుంచి, పక్కన పెన్నో కత్తో పెట్టి, వస్తువుకు తగలకుండా. పెన్ను వస్తువుతో సమానమైన ఎత్తులో ఉండాలి, ముందుకు పెడితే కొలత తప్పుతుంది.

అరిగిపోయిన అక్షరాలు ఉంటే ఎదురుగా ఫ్లాష్ వేసి లాభం లేదు. మీ నీడ దాని మీద పడేలా నిలబడి, టార్చిని పక్క నుంచి, దాదాపు వస్తువు ఉపరితలానికి సమాంతరంగా పట్టుకోండి. చదునుగా కనిపించిన చోట అంకెలు గాడులుగా లేచి వస్తాయి. టార్చిని నాలుగు వైపులా తిప్పుతూ నాలుగు ఫొటోలు తీయండి. ఒక వైపు వెలుగులో కనిపించని గీత ఇంకో వైపు వెలుగులో కనిపిస్తుంది. సుద్దముక్కతో రుద్దడం, నీళ్లు పోయడం, గోటితో గీకడం వద్దు.

లొకేషన్‌కు సిగ్నల్ అక్కర్లేదు, ఫోన్‌లో జీపీఎస్ విడిగా పనిచేస్తుంది. ఆకాశం కనిపించే చోట ఒకటి రెండు నిమిషాలు కదలకుండా నిలబడితే అంకెలు స్థిరపడతాయి. దట్టమైన చెట్ల కింద, లోతైన లోయలో తేడా చాలా వస్తుంది, కాబట్టి రెండు మూడు సార్లు చూసి నోట్ చేసుకోండి. దశాంశాల్లో రాస్తే ఐదో స్థానం వరకు రాయండి, ఐదో స్థానం అంటే సుమారు ఒక మీటరు. మూడో స్థానంలో ఆపేస్తే వందల అడుగులు వెతకాలి. ఆ అంకెలు కాగితం మీద కూడా రాసుకోండి, చలికి ఫోన్ బ్యాటరీ ఉన్నట్టుండి పడిపోతుంది. ఏ వాగు చీలిక దగ్గర ఎటు తిరిగారో ఒక వాక్యం కూడా రాసుకోండి.

తెలిసిపోయేవి కొన్ని

టెన్షన్ పెట్టిన వస్తువుల్లో చాలావాటి కథ చిన్నదే. తెల్లటి తేలికపాటి డబ్బా, పొడవైన దారం, చిరిగిన రబ్బరు, చిన్న పారాచూట్ కనిపిస్తే అది రేడియోసాండ్, వాతావరణ బెలూన్‌కు కట్టే పరికరం. ప్రపంచమంతా వందల కేంద్రాల నుంచి రోజుకు రెండుసార్లు వదులుతారు, 30 కిలోమీటర్ల పైకి పోయి బెలూన్ పగిలాక ఎక్కడో పడుతుంది. దీన్ని నిశ్చింతగా తీసుకెళ్లండి, దారం జంతువుల కాళ్లకు చుట్టుకుంటుంది కాబట్టి అది మరవకుండా చుట్టి తీసుకోండి. డబ్బా మీద సూచనలుంటే పాటించండి.

బండలో బిగించిన గుండ్రటి ఇత్తడి బిళ్ల సర్వే గుర్తు. దాన్ని పెకలించడం చాలా దేశాల్లో నేరం, అమెరికాలోని పాత బిళ్లల మీద 250 డాలర్ల జరిమానా అని అక్షరాలా చెక్కి ఉంటుంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో చిన్న పుస్తకం, బొమ్మలు ఉంటే జియోకాష్, 2000లో ఆరెగాన్‌లో మొదలైన వెతుకులాట ఆట. పుస్తకంలో పేరు రాసి ఉన్నచోటే పెట్టేయండి. అమెరికా పశ్చిమ ఎడారుల్లో ఇరవై మీటర్ల కాంక్రీటు బాణం నేల మీద కనిపిస్తే ఆశ్చర్యపోవచ్చు: 1920లలో టపా విమానాల పైలట్లకు దారి చూపడానికి వేసినవి అవి. చూస్తే గుండె నిండుతుంది, నన్నడిగితే అలాంటిది చూడటానికే ఒక ప్రయాణం పెట్టుకోవచ్చు.

జంతువు మెడకు కట్టే రేడియో కాలర్ విషయంలో ఒకటి గమనించండి. కొన్ని కాలం తీరాక వాటంతటవే ఊడిపోతాయి, అప్పుడు బిగింపు దగ్గర శుభ్రంగా విడిపోయి ఉంటుంది. పట్టీ కత్తితో కోసినట్టు ఉంటే అది దొంగవేటకు సాక్ష్యం కావచ్చు. ముట్టుకోకుండా అటవీ సిబ్బందికి చెప్పండి. చచ్చిన పక్షి కాలికి రింగు ఉంటే నంబరు ఫొటో తీసి తెలపండి, ఆ ఒక్క నంబరుతో పక్షి వలస దారి తెలుస్తుంది.

పాతవి దొరికితే

నాకు అన్నిటికన్నా మనసుకు దగ్గరైన విషయం ఇది. 1997లో కెనడాలోని యూకాన్‌లో కొండ గొర్రెల వేటకు వెళ్లిన దంపతులకు కరుగుతున్న మంచు అంచున గుట్టలుగా కారిబూ (ఉత్తర దేశాల దుప్పి) పేడ కనిపించింది. ఆ చుట్టుపక్కల కారిబూలే లేవు. అక్కడే దొరికిన చిన్న చెక్క ముక్క విసిరే ఈటె పుల్ల అనీ, నాలుగు వేల ఏళ్లకు పైబడినదనీ తర్వాత తేలింది. ఆ ఒక్క సందేహం నుంచి ఆ ప్రాంతపు మంచు పలకల మీద పరిశోధన మొత్తం మొదలైంది. 1999లో బ్రిటిష్ కొలంబియాలో ముగ్గురు వేటగాళ్లకు మంచులో చేతికర్ర, బొచ్చు ముక్కలు కనిపించాయి, కాస్త దూరంలో మనిషి దేహం. వాళ్లు వెంటనే తెలపడంతో స్థానిక మూలవాసులు, శాస్త్రవేత్తలు కలిసి గౌరవంగా పని చేశారు.

దీనికి రెండో వైపు 1991లో ఆల్ప్స్‌లో కనిపిస్తుంది. ఇద్దరు పర్వత యాత్రికులకు 3210 మీటర్ల ఎత్తున దొరికిన దేహాన్ని ఇటీవల చనిపోయిన పర్వతారోహకుడిదనుకుని, వెలికితీయడానికి వచ్చినవాళ్లు గాలి డ్రిల్లుతో మంచులోంచి తీయబోయారు. డ్రిల్లు ఎడమ తుంటిని చీల్చింది. అది 5300 ఏళ్ల నాటి మనిషి, ఈరోజు ప్రపంచం ఓట్జి అని పిలిచే మంచు మనిషి. తప్పు చూసినవాళ్లది కాదు, తొందరది.

రాతి బాణం ములికి, కుండ పెంకు, పూస, పాత సీసా, ఏదైనా సరే అక్కడే ఉంచండి. జేబులో వేసుకున్న ములికి అందమైన రాయి మాత్రమే. నేలలో ఉన్న ములికి పక్కన బొగ్గు ఉంటుంది, ఎముక ఉంటుంది, ఎవరు ఎప్పుడు ఏం తిన్నారో ఉంటుంది. చట్టం కూడా ఇదే చెబుతుంది: అమెరికా ప్రభుత్వ భూముల్లో వందేళ్లు దాటిన పురావస్తువును అనుమతి లేకుండా తీయడం 1979 చట్టం ప్రకారం నేరం. మిగతా చోట్ల నిబంధనలు వేరుగా ఉంటాయి, బయలుదేరే ముందే అక్కడివి చదవండి.

మంచు అంచున తోలు, చెక్క, ఈక, అల్లిక బయటపడితే మాత్రం కబురు అదే రోజు వెళ్లాలి. వేల ఏళ్లు మంచులో నిలిచినవి ఎండా గాలీ తగిలాక త్వరగా పాడవుతాయి.

పాత తుపాకీ దొరికితే లోడ్ అయి ఉందనే అనుకోండి. 2014లో నెవాడాలోని గ్రేట్ బేసిన్ నేషనల్ పార్క్‌లో జూనిపర్ చెట్టుకు ఆనించిన 1873 మోడల్ వించెస్టర్ రైఫిల్ కనిపించింది. నంబరును బట్టి 1882లో తయారైంది. మడమ, అంటే భుజానికి ఆనించే వెనక చెక్క భాగం, నేలలో కూరుకుపోయి, చెక్క చెట్టు రంగులో కలిసిపోయింది. తర్వాత ఎక్స్‌రే తీస్తే మడమ లోపలి గూడులో తూటా ఒకటి కనిపించింది.

ఎముకలు, గుర్తింపు కార్డులు, బ్యాగులు

చర్మం, గోళ్లు ఊడిన ఎలుగుబంటి పాదం మనిషి చేతిని చూసినట్టే ఉంటుంది, అనుభవం ఉన్నవాళ్లు కూడా తడబడతారు. తేల్చడం మీ పని కాదు. అనుమానం ఉంటే అవి మనిషి ఎముకలేనని భావించి వెనక్కి తగ్గి, చోటు గుర్తుపెట్టుకుని పోలీసులకు చెప్పండి.

బట్టలు, కార్డులు, పర్సు లాంటివి చిన్నవిగా కనిపిస్తాయి కానీ ఒక కుటుంబం వాటి కోసం ఎదురుచూస్తూ ఉండవచ్చు. సాహస యాత్రికుడు స్టీవ్ ఫాసెట్ 2007 సెప్టెంబర్‌లో చిన్న విమానంతో మాయమయ్యాడు. విమానాలతో నెల రోజులు గాలించినా జాడ దొరకలేదు. ఏడాది తర్వాత కాలిఫోర్నియా కొండల్లో నడుస్తున్న ఒక వ్యక్తికి ఆయన పేరున్న కార్డులు కనిపించాయి. ఆయన వాటిని పోలీసులకు అప్పగించాక కొద్ది రోజుల్లోనే విమాన శకలాలు దొరికాయి.

ఎవరికి, ఏం చెప్పాలి

పార్కు అయితే రేంజర్లకు, అడవి అయితే అటవీ సిబ్బందికి, ఎముకలు, పేలుడు వస్తువులు, రేడియేషన్ గుర్తులు అయితే నేరుగా పోలీసులకు, అత్యవసర నంబరుకు. పురాతనమైనవి అనిపిస్తే దగ్గర్లోని మ్యూజియంకో పురావస్తు శాఖకో. చెప్పేటప్పుడు అంచనాలు తర్వాత, చూసింది ముందు. "బాంబు దొరికింది" అనే బదులు "రెండు అడుగుల తుప్పు గొట్టం, ఒక చివర కోసు, వెనక నాలుగు రెక్కలు, ముట్టుకోలేదు" అనండి. అంకెలు, ఫొటోలు, చూసిన సమయం, అక్కడికి నడక ఎంతసేపో చెప్పండి. పొరపాటున కదిపి ఉంటే అదీ చెప్పేయండి, దాచితే వాళ్లు తప్పు దారిలో వెతుకుతారు.

వాళ్లు చూసి వెళ్లేదాకా సోషల్ మీడియాలో పెట్టొద్దు. 2020 నవంబర్‌లో యూటాలోని ఎర్ర రాళ్ల మధ్య, అడవి గొర్రెలు లెక్కపెట్టే హెలికాప్టర్ సిబ్బందికి మూడు మీటర్ల లోహపు దిమ్మ కనిపించింది. చోటు చెప్పకపోయినా జనం ఉపగ్రహ చిత్రాలు చూసి పట్టేశారు, రోజుల్లోనే కార్లు మొక్కలు తొక్కేశాయి. ఎవరికైనా ఫొటో పంపాల్సి వస్తే ముందు అందులో దాగి ఉండే లొకేషన్ సమాచారం తీసేయండి. ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ వీలు ఉంటుంది, లేదా ఫొటోకు స్క్రీన్‌షాట్ తీసి అది పంపండి. వెనక కొండ వరస పడ్డ ఫొటో అయితే అదీ కత్తిరించండి. అసలు ఫైళ్లు మాత్రం మార్చకుండా ఉంచుకోండి, అధికారులు అడిగేది వాటినే.